ఓబీ మట్టి కింద పోయిన మా పొలాన్ని మళ్లా పంటకు తెచ్చుకున్న తీరు (నా అనుభవం)

మా గోదావరి లోయ బొగ్గు బెల్టు ఊర్లల్ల ప్రతి వానకాలం ఎవరిదో ఒకరి పొలం మీద ఓపెన్‌కాస్ట్ (భూమిని పైనుంచే తవ్వే) బొగ్గు గనుల గుట్టల మట్టి వచ్చి పడుతనే ఉంటది. పేపర్ల రెండు రోజులు ఫొటో వస్తది, లీడర్లు వచ్చి చూసిపోతరు, తర్వాత ఆ రైతు ఆ మట్టిని ఏం చేసిండు, ఆ భూమి మళ్లా పంటకొచ్చిందా లేదా అనేది ఎవ్వరు రాయరు. మాకు 2022ల పడ్డది. అప్పుడు చెప్పేటోళ్లు లేక ఒక్కో ఆఫీసు దగ్గర, ఒక్కో పెద్దమనిషి దగ్గర ఒక్కో ముక్క తెలుసుకుంట చేసుకున్నం, అందుకే మొత్తం ఒక్కకాడ రాస్తున్న. పొడుగైతది కానీ మీ పొలం గుట్ట కింద ఉంటే మాత్రం ఆఖరుదాకా చదువుండ్రి.

ముందుగాల బొగ్గు ఊర్లు కానోళ్ల కోసం రెండు మాటలు. ఓబీ అంటే ఓవర్ బర్డెన్, బొగ్గు పొర మీద ఉండే మన్ను, ఇసుకరాయి, బంకమట్టి, షేలు అనే పొరల రాయి. మా దిక్కు ఓపెన్‌కాస్ట్‌ల ఒక టన్ను బొగ్గు తియ్యాలంటే ఐదారు క్యూబిక్ మీటర్ల ఓబీ తీసి పక్కన పొయ్యాలె, అందుకే ఊరు పక్కన ఇరవై ఏండ్ల కింద చెలకలున్న కాడ ఇప్పుడు గుట్టలున్నయి. ఈ గుట్ట ఎట్లుండాలె అనేదానికి రూల్స్ మంచిగనే ఉన్నయి, పర్యావరణ అనుమతులల్ల మామూలుగ రాసేదే, ఒక్కో మెట్టు 30 మీటర్లు దాటొద్దు, మొత్తం వాలు 28 డిగ్రీలు మించొద్దు, గుట్ట చుట్టు గార్లాండ్ డ్రెయిన్ అని కాలువ తవ్వాలె, అడుగున రాతి గోడ కట్టాలె, కాలువ నీళ్లు సెట్లింగ్ పాండ్‌ల ఆగి మట్టి కిందికి దిగినంకనే బయటికి పోవాలె, వానకాలం రాకముందే కాలువలల్ల పూడిక తియ్యాలె. ఈ ఆఖరు ముక్క దగ్గరనే అంతా ఆగుతది. కాలువ ఉంటది, కానీ ఎండకాలంల పూడిక తియ్యరు, తొలకరి రెండు వానలకే నిండిపోతది, మూడో వానకు నీళ్లు కాలువ దాటి దానికి నచ్చిన తోవ పడతయి.

2022 జూలై రెండో వారం యాదికుండే ఉంటది అందరికి. వారం రోజులు ఒక్క తీరుగ ముసురు, మధ్యల మధ్యల కుండపోత, 16వ తారీఖు భద్రాచలం కాడ గోదావరి 71.3 అడుగులు వచ్చింది. మా ఊరికి గోదావరి నీళ్లు రాలే, మాకు వచ్చింది పైనుంచి. రాత్రి గుట్ట మెట్టు ఒకటి కోసుకపోయి, సెట్లింగ్ పాండ్ కట్ట తెగి, ఆ బురదంతా మా పొలాల మీదికి దిగింది. తెల్లారి పోయి చూస్తే గెట్లు కనవడలే. ఎవరి మడి ఎవరిదో తెల్వని పరిస్థితి. మాది మూడెకరాలు, సగం వరి సగం పత్తి, వరి నాటు అప్పుడే అయింది, పత్తి మోకాలు కూడా రాలే. మా బాపు గట్టు మీద నిలబడి ఒక్క మాట మాట్లాడలే, ఆయన ఆ భూమిని రాళ్లేరి, చెట్టు పీకి, చెలకను మడి చేసినోడు.

పడ్డ మట్టి అంతా ఒక్క తీరుగ ఉండదు, ఇది ముందే అర్థం చేసుకోవాలె, ఎందుకంటే తర్వాత పనంతా దీని మీదనే ఆధారపడి ఉంటది. గుట్టకు దగ్గరున్న మూలల బరువైనయి ఆగినయి, రాళ్లు, ముతక ఇసుక, బొగ్గు పెళ్లలు, మోకాలు లోతు. నడుమ జానెడు ఇసుక, బూడిదరంగు మన్ను కలిసినది. కింద, వాగు దిక్కు, నీళ్లు నిలిచిన కాడ మెత్తటి బురద నాలుగు వేళ్ల మందం. చూడటానికి ఆ మెత్తటిదే తక్కువ నష్టం అనిపిస్తది, కానీ అది ఎండినంక పగిలి అంచులు పైకి లేచి అప్పడాల లెక్క పొరలు పొరలుగ లేస్తది, ఒక్క పెళ్ల తీసి తిప్పి చూస్తే అడుగున బొగ్గుపొడి నల్లటి గీత, దాని మీద బూడిదరంగు, దాని మీద మళ్లా పల్చటి నలుపు. చేతుల నలిపితే పిండి. నీళ్లు పోస్తే లోపలికి దిగవు, పైననే నిలబడతయి. ఇత్తనం దాంట్ల మొలకొచ్చినా పైకి పొడుచుకరాలేదు.

మొదటి పని పార పట్టుడు కాదు, రుజువులు జమచేసుడు. మా ఊర్ల కొందరు తొందరపడి రెండో రోజే బురద ఎత్తిపోసుకుంటాంటే ఒక రిటైర్డ్ సర్వేయర్ సార్ వచ్చి ఆపిండు, "అరే మీరే సాఫ్ చేసుకుంటే రేపు ఎంత పడ్డదో ఏం చూపిస్తరు బిడ్డా" అని. ఆయన చెప్పినట్టే చేసినం. ప్రతి మడిల నాలుగు మూలలు, నడుమ ఒకటి చిన్న గుంతలు తవ్వి, పాత నేల కనవడేదాకా పోయి, టేపు నిలబెట్టి ఫొటోలు తీసినం, ఫొటోల సర్వే నంబర్ రాసిన అట్ట ముక్క కనవడేటట్టు. మట్టి సంచుల్ల తీసి మీద పేరు, తారీఖు రాసి పెట్టినం. తర్వాత తహసీల్దార్ ఆఫీసుల దరఖాస్తు, రసీదు తీసుకున్నం, ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) మేడం వచ్చి పంట నష్టం రాసుకున్నది, ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) వచ్చి పంచనామా చేసిండు. పంచనామాల "వరద వల్ల ఇసుక మేట" అని రాయబోతే అక్కడనే లొల్లి అయింది. వరద మేట అంటే ప్రకృతి, ఎవరిది తప్పు లేదు, విపత్తు నిధి నుంచి వచ్చేదే వస్తది. అప్పటి లెక్క చూస్తే మూడు అంగుళాల కన్నా ఎక్కువ మేట పడితే చిన్న, సన్నకారు రైతులకు హెక్టారుకు 18,000 రూపాయలు, అంటే ఎకరానికి ఏడు వేల చిల్లర. జేసీబీ గంటకు వెయ్యి పైన తీసుకుంటది. ఏడు వేలు ఒక్క పూటకు అయిపోతయి.

ఇది వాగు మన్ను కాదని ఎట్ల చూపించినం అంటే, ఒకటి, మా పొలం వాగు కన్నా పైన ఉంది, వాగు ఎన్నడు అంత ఎత్తు రాలే. రెండు, వాగు ఇసుక రాళ్లు నీళ్లల్ల దొర్లి నున్నగుంటయి, ఇవి మాత్రం బ్లాస్టింగ్‌ల పగిలిన అంచులున్న రాళ్లు, నడుమ షేలు పలకలు, బొగ్గు పెళ్లలు. మూడోది అన్నిటికన్నా గట్టిది, ఊరి నక్ష, అంటే రెవెన్యూ పటం. మా ఊరి పాత నక్షల ఇప్పుడు గుట్ట ఉన్న కాడ ఒక ఒర్రె (చిన్న వాగు) గీసి ఉన్నది. ముసలోళ్లకు అందరికి తెలుసు, ఆ ఒర్రెల చిన్నప్పుడు ఎడ్లకు నీళ్లు తాపినమని చెప్తరు. గుట్టను ఆ ఒర్రె మీదనే పోసిండ్రు, నీళ్లు లోపల పాత తోవ ఎతుక్కుంటనే ఉన్నయి, మెట్టు తెగింది కూడా సరిగ్గ ఆ ఒర్రె బయటికొచ్చే కాడనే. నక్ష నకలు తీసుకుని తెగిన కాడ ఫొటో పక్కన పెట్టి చూపించినంక ఆర్‌ఐ సార్ పంచనామాల "పై నుంచి కొట్టుకవచ్చిన గని మట్టి" అని రాసిండు. ఆ ఒక్క వాక్యం మాకు తర్వాత ఎంత అక్కరకొచ్చిందో చెప్పలేను.

ఈ ఒర్రె సంగతి తెలిసినంక నేను కొంచెం చదివిన. 1966 అక్టోబర్ 21న బ్రిటన్‌ల వేల్స్ దేశంల అబర్‌ఫాన్ అనే ఊరి మీద బొగ్గు గని చెత్త గుట్ట జారి బడి మీద పడ్డది, 144 మంది పోయిండ్రు, అందుల 116 మంది పిల్లలు. ఆ గుట్టను కూడా ఊటల మీదనే పోసిండ్రు, ఊరోళ్లు ముందే మొత్తుకున్నరు. అమెరికాల 1972 ఫిబ్రవరిల బఫెలో క్రీక్ అనే కాడ బొగ్గు చెత్తతో కట్టిన కట్ట తెగి 125 మంది చచ్చిపోయిండ్రు, ఐదేండ్లకు 1977ల అక్కడ భూమిని తిరిగి బాగుచేసుడు తప్పనిసరి చేసుకుంట చట్టం తెచ్చిండ్రు, ముందే బాండు (పూచీ పైసలు) కడితేనే గని. మన దగ్గర కూడా 2009 నుంచి గని మూసివేత ప్లాన్ కోసం ఓపెన్‌కాస్ట్‌కు హెక్టారుకు 6 లక్షల లెక్కన ఎస్క్రో ఖాతాల (ఆ పనికే పక్కన పెట్టే ఖాతా) పైసలు జమచెయ్యాలనే రూల్ ఉన్నది, రేటు తర్వాత పెంచిండ్రు. కానీ ఆ లెక్క గని హద్దు లోపలి భూమికి. హద్దు రాయి అవతల ఉన్న మా పొలం మీద అదే గుట్ట మన్ను పడితే దానికి ఏ ఖాతా లేదు. నాకు అన్నిటికన్నా బాధ అనిపించింది ఇదే. లోపలి భూమి ఎప్పుడో ఇరవై ఏండ్లకు బాగుచెయ్యడానికి ప్లాన్ ఉన్నది, బయట ఈ ఏడు తిండి పెట్టే భూమికి లేదు.

ఊరోళ్లందరం కలిసి ప్రజావాణికి పోయినం, గని ఆఫీసు ముందు కూసున్నం, జాయింట్ సర్వే పెట్టిచ్చినం. ముందుగాల వాళ్లు ఒక పంట నష్టం ఇస్త, మిషన్లు పంపి మట్టి తీపిస్త అన్నరు. చానా మంది సరే అందామన్నరు. కానీ మట్టి తీసినంత మాత్రాన భూమి వాపస్ వచ్చినట్టు కాదని మాకు అప్పటికే తెలిసింది, పక్క మండలంల ఇట్లనే పడ్డోళ్ల చేన్లు పోయి చూసొచ్చినం, మట్టి తీసి మూడేండ్లైనా పత్తి ఎర్రబారి నడుముకు రాలే. అందుకే మూడు సంగతులు రాతపూర్వకంగ కావాలన్నం, పైన నీళ్లు ముందు మళ్లియ్యాలె, తీసిన మట్టి మళ్లా గని హద్దు లోపలికే పోవాలె, పంట నష్టం భూమి తేరుకునేదాకా ఏటికేడు లెక్కగట్టాలె. ఒక వకీలు సారు నేషనల్ గ్రీన్ ట్రైబ్యునల్ (పర్యావరణ కేసులు చూసే కోర్టు) చట్టం సంగతి చెప్పిండు, 2010 చట్టం, 15వ సెక్షన్ కింద నష్టపరిహారమే కాదు, పాడైన ఆస్తిని, పర్యావరణాన్ని బాగుచేపియ్యమని కూడా అడగచ్చు, నష్టం జరిగిన ఐదేండ్ల లోపు వెయ్యాలె, 17వ సెక్షన్ ప్రకారం తప్పు ఎవరిదని రుజువు చేసేదాకా ఆగాల్సిన పని లేదు. మన తెలంగాణ కేసులు చెన్నై బెంచికి పోతయి. మేము కేసు వెయ్యలే కానీ ఉత్తరంల ఈ సెక్షన్లు రాసినం, రాసినంక మాట్లాడే తీరు మారింది. మొదటి రెండిటికి ఒప్పుకున్నరు. మూడోదానికి రెండు పంటలకు ఒప్పుకున్నరు, మిగిలినదాని మీద ఇప్పటికి తిరుగుతనే ఉన్నం.

పైన నీళ్లు మళ్లియ్యకుండ కింద ఒక్క తట్ట కూడా తియ్యొద్దు. మా పక్కాయన దసరాకు ముందే సొంత పైసలతోని మడి సాఫ్ చేపిచ్చుకున్నడు, అక్టోబర్‌ల ఒక్క గాలివానకు మళ్లా బెత్తెడు మందం వచ్చి కూసున్నది. మేము ఆగినం, డిసెంబర్‌ల గుట్ట అడుగున ఇనుప జాలిల రాళ్లు పేర్చిన గోడ కట్టిండ్రు, పాత ఒర్రె దిక్కుకు కాలువ కొత్తగ తవ్వి, వాలు సరిచేసి, పాండ్ పెద్దది చేసిండ్రు. ఆ పని జరిగినన్ని రోజులు ఊర్లకెళ్లి వంతులు వేసుకుని ఇద్దరిద్దరం అక్కడనే ఉన్నం. అది వాళ్ల మీద నమ్మకం లేక కాదు, నీళ్లు ఏ కాడికి వస్తయో కాంట్రాక్టర్ మనుషులకు తెల్వదు, మాకు తెలుసు. గోడ ఒక కాడ కొంచెం కిందికి ఉంటే మా కాకా చూపిస్తే మళ్లా ఎత్తిండ్రు.

మట్టి తీసుడు జనవరి ఆఖరుకు మొదలైంది. దీని గురించి కొంచెం ఎక్కువనే రాస్త, ఎందుకంటే భూమి ఖరాబయ్యేది బురద పడ్డప్పుడు సగమైతే, తప్పుగ తీసినప్పుడు ఇంకో సగం.

తడి మీద మిషన్ దిగనియ్యొద్దు. పైన ఎండినట్టు కనవడినా అడుగున పాత నేల మెత్తగ ఉంటది, జేసీబీ టైర్లు, టిప్పర్లు తిరిగితే అది ఒత్తుకుపోయి గట్టి పొర కడతది, ఆ పొర ఏండ్లకు ఏండ్లు పోదు. పాత నేల మట్టి కొంచెం తీసి పిడికిట్ల పిసికి ముద్ద చేసి వదిలిపెడితే పగిలిపోవాలె, ముద్ద ముద్దగనే ఉంటే ఇంకా ఆగాలె. తీసేటప్పుడు కూడా దూరం అంచు నుంచి మొదలుపెట్టి తోవ దిక్కు వెనకకు వచ్చుకుంట తియ్యాలె, అట్లైతే టిప్పర్లు పడ్డ మట్టి మీదనే తిరుగుతయి, సాఫ్ అయిన నేల మీద చక్రం పెట్టే పనే ఉండది. మొదటి రోజు ఆపరేటర్ తమ్ముడు తోవ దిక్కు నుంచి మొదలుపెట్టబోతే ఆపి చెప్పినం, వాళ్లకు అట్లైతే గంటలు ఎక్కువైతయి, అయినా ఒప్పుకున్నడు.

ఇంకోటి, ఎంత లోతు తియ్యాలె. మాది నల్లరేగడి, మీద పడ్డది బూడిదరంగు, కాబట్టి తేడా తెలుస్తది. ప్రతి మిషన్ ముందర ఒక మనిషిని పార ఇచ్చి నిలబెట్టినం. నేను నిలబడ్డ పూట ఆ తమ్ముడు "ఇంకో బకెట్ గీకుదునా అన్నా, సాఫ్‌గ వస్తది" అంటడు, "వద్దు తమ్మీ, నల్లమన్ను కనవడుతాంది, ఆపు" అని నేను. సాఫ్‌గ కనవడాలని గీకితే పోయేది మన పైమన్నే, తరాల సంది ఎరువేసి చేసుకున్న ఆ ఆరు అంగుళాలల్లనే జీవమంతా ఉంటది. అందుకే అంగుళమంత గని మట్టి వదిలిపెట్టమన్నం, అది దున్నకంల కలిసిపోతది. కింద మొదటిసారి నల్లమన్ను బయటపడ్డప్పుడు నీలం నీలంగ ఉండి మురుగు వాసన కొట్టింది, కుళ్లిన నాటు పోసలు ఇంకా వరసలల్లనే ఉన్నయి. గాలి తగలక అట్లైతదట, వారం పది రోజులు ఎండకు, గాలికి వదిలిపెడితే వాసన పోయి రంగు తిరిగింది.

నాలుగు వేళ్ల మందం పడ్డ కింది మడులల్ల మట్టి తియ్యలే. అక్కడ తీస్తే ఖర్చు ఎక్కువ, పైమన్ను కూడా పోతది. లోతు దుక్కి నాగలితోని అడ్డం, పొడుగు రెండు సార్లు దున్నిచ్చి కింది నల్లమన్నుల కలిపినం. కలపకుండ పైపైన కల్టివేటర్ కొట్టి వదిలేస్తే రెండు మట్టుల నడుమ నీళ్లు ఆగిపోతయి, వేర్లు ఆ గీత కాడికి వచ్చి పక్కకు తిరుగుతయి. మోకాలు లోతు పడ్డ కాడ రాళ్లన్ని మిషన్‌కు రావు, మా ఊరి ఆడోళ్లు చేతులతోని ఏరిండ్రు, కూలి గని దిక్కు నుంచి ఇప్పిచ్చినం, ఈ ముక్క కూడా ముందే రాపిచ్చుకోండ్రి, రాళ్లేరుడు కూలి అని ఎవ్వరు లెక్కల పెట్టరు.

తీసిన మట్టి ఏడ పొయ్యాలె అన్నది పెద్ద పంచాయితీ. టిప్పర్ తిరుగుడు తక్కువైతదని వాగు గడ్డన పోస్తమన్నరు. అట్ల పోస్తే వచ్చే వానకు అదే మట్టి కింది ఊరి చెరువుల పోతది. మాకు అయిన గతి ఇంకొకరికి కావొద్దని గట్టిగ నిలబడ్డం, కాగితం మీద ఉన్నది కాబట్టి ఆఖరుకు గోడ లోపలికే, గుట్ట దిక్కుకే మోసిండ్రు. బాయి సంగతి వేరే, మా యవుసాయ బాయిల మట్టి నిండిపోయింది, దాంట్లకు మనిషిని దింపొద్దు, అడుగున కుళ్లిన బురదతోని గాలి చెడ్డగుంటది, ఒడ్డు కూడా ఎప్పుడు కూలుతదో తెల్వదు. మోటర్లతోని నీళ్లు తోడి, క్రేన్ బకెట్‌తోని పూడిక తీసినం.

అప్పటికి మార్చి. చూడటానికి పొలం పొలం లెక్కనే ఉన్నది, అందరు అయిపోయిందనుకున్నరు, గని సార్లు కూడా ఫొటోలు తీసుకున్నరు. అసలు పని అప్పుడు మొదలైంది.

భూసార పరీక్షకు ఒక్కో మడికి వేరేగ, పలు కాడల ఆరంగుళాల లోతు తీసి కలిపి ఇచ్చినం. సాయిల్ హెల్త్ కార్డుల 12 వస్తయి, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్ (పులుపు, చౌడు కొలత), ఈసీ (ఉప్పు కొలత), సేంద్రియ కర్బనం. సీసం, ఆర్సెనిక్ లాంటివి దాంట్ల రావు, అవి కావాలంటే వేరే ల్యాబుకు పంపాలె, ఊరంతా కలిసి కొన్ని నమూనాలు పంపిచ్చినం, మాకు భయపడేంత ఏమీ రాలే, అయినా అడిగి చేపిచ్చుకోండ్రి, తినే తిండి సంగతి కదా. మా కార్డుల కొట్టొచ్చినట్టు కనవడింది సేంద్రియ కర్బనం. 0.5 శాతం కన్నా తక్కువుంటే తక్కువ అంటరు, మాది సాఫ్ చేసిన మడులల్ల 0.3 దరిదాపుల వచ్చింది. వ్యవసాయ ఆఫీసర్ సార్ కార్డు చూసి "ఈ ఏడు పంట ఆశ పెట్టుకోకుండ్రి, భూమికి తిండి పెట్టుండ్రి" అన్నడు.

అదే చేసినం. ఎండకాలంల గొర్లోళ్లను బతిమిలాడి మందపెట్టిచ్చుకున్నం, రాత్రి రాత్రికి మంద జాగ మార్చుకుంట. పెంట తోలినం. చెరువు మన్ను తోలుదామని పోయి చూస్తే మా చెరువుల పైపొర అదే బూడిదరంగుది, గుట్ట మట్టి అక్కడికి కూడా ఎప్పటిసందో వస్తాంది. అవతలి ఊరి చెరువు నుంచి తోలుకున్నం. చెరువు మన్ను తోలుకునేటోళ్లు ముందు ఒక గడ్డ ఇరిచి చూసుకోవాలె. జూన్‌ల తొలకరికి సబ్సిడీ జీలుగ (పచ్చిరొట్ట ఎరువు పంట) ఇత్తనం ఎకరానికి 15 కిలోల లెక్కన చల్లి, పూతకొచ్చినంక కలియదున్నినం. జీలుగ అన్ని కాడల ఒక్క తీరుగ రాలే, మోకాలు లోతు పడ్డ మూలల పసుపుపచ్చగ, చిన్నగ ఉన్నది, దాన్ని చూసుకుంటనే ఏ మడికి ఎంత జబ్బుందో తెలిసింది. కార్డు కన్నా అది మంచిగ చెప్పింది నాకు.

జీలుగ పొలంల ఉండంగనే 2023 జూలై ఆఖరు వాన వచ్చింది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్లు పడ్డది చూడుండ్రి, ఆ వాన. మా దగ్గర అంత పడలే కానీ రాత్రంతా ఎవ్వరం పండుకోలే, టార్చిలు పట్టుకుని గోడ కాడనే. కాలువ నిండింది, పాండ్ నిండింది, ఒక్క కాడ పక్క నుంచి కారితే ఇసుక సంచులు వేసినం. పొలంలకు మట్టి రాలే. ఆ ఒర్రె దిక్కుకు కాలువ తిప్పకపోతే మళ్లా మొత్తం పోయేది.

యాసంగికి మక్క పెట్టినం. ఆకులు మోచేయంత ఎత్తు కాడ ఊదారంగు తిరిగినయి, అంచుల నుంచి లోపలికి. భాస్వరం వేసినం కదా ఇదేంది అని ఒక మొక్క పీకి కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకపోయిన. అక్కడి సైంటిస్టు సార్ వేరు చూపించి చెప్పిండు, వేర్లకు అంటుకుని బతికే ఒక మంచి బూజు ఉంటదట, మట్టిల ఉన్న భాస్వరాన్ని మొక్కకు అందించేది అదే. నెలల కొద్ది బురద కింద ఊపిరి లేక, పైన పంట లేక ఆ బూజు చచ్చిపోతది, అప్పుడు మట్టిల భాస్వరం ఉన్నా మొక్కకు అందదు. వరద మేట పడ్డ భూములల్ల మొదటి పంటకు ఇట్లనే అయితదట. భూమి ఖాళీగ ఉంచకుండ ఏదో ఒకటి వేస్తనే ఉండమన్నడు, వేర్లుంటే బూజు తిరిగొస్తది, సూపర్ ఫాస్ఫేట్ పొడి ఇత్తనం కిందనే పడేటట్టు వెయ్యమన్నడు, వ్యామ్ అని ఆ బూజు కల్చర్ కూడా పశువుల ఎరువుల కలిపి చల్లిపిచ్చిండు. మక్క దిగుబడి సగం కూడా రాలే. కానీ ఆ పంట వేసినందుకే 2024 వానకాలం పత్తి కొంచెం తేరుకుంది, ఆకు రంగు మారలే.

పాత లెక్కల మాది ఎకరానికి ఎనిమిది తొమ్మిది క్వింటాళ్ల పత్తి. 2024ల ఐదు చిల్లర, 2025ల ఏడు దగ్గరికి వచ్చింది. వరి మడులు ఇంకా మంచిగ తిరిగినయి, నీళ్లు నిలబడతయి కాబట్టేమో. మోకాలు లోతు పడ్డ మూల మాత్రం ఇప్పటికి పంటకు రాలే, పది గుంటలు దాకా ఉంటది, అక్కడ వానకు పైన మట్టి అట్టకట్టి గట్టిపడతది. దాంట్ల ఎట్టి పరిస్థితిల పంట కోసం కొట్లాడకుండ గట్టు పొంటి వెట్టివేరు, లోపల కానుగ, వెదురు పెట్టినం, గోడ దాటి ఏమన్న వచ్చినా ముందు అక్కడ ఆగుతది. బాపుకు అది నచ్చలే, ఆయనకు భూమంటే పంట. నేనైతే ఆ మూల మా మిగతా పొలాన్ని కాస్తున్నదనే అనుకుంట.

ఇప్పుడు ప్రతి ఏప్రిల్‌ల ఊరి తరఫున ఒక ఉత్తరం ఇస్తున్నం, గార్లాండ్ డ్రెయిన్ ఎక్కడెక్కడ పూడింది, పాండ్‌ల ఎంత మట్టి ఉన్నది, గోడ ఏ కాడ జారింది, ఫొటోలతోని, పొల్యూషన్ కంట్రోల్ బోర్డుకు, కలెక్టరేట్‌కు కాపీలు పెట్టి. మే ఆఖరులోపు పూడిక తీస్తరా లేదా అని పోయి చూస్తం. ఉత్తరం ఇచ్చిన ఏడు తీస్తున్నరు.

ఒక్క సంగతి మిగిలింది, నాకు ఇది మనసుల మెదులుతనే ఉంటది. మా పక్క చెలక కౌలుకు చేసుకునేటాయనది. పంట ఆయన పెట్టిండు, అప్పు ఆయన తెచ్చిండు, నష్టపరిహారం చెక్కు మాత్రం పాస్‌బుక్కు ఉన్న పట్టాదారు పేరు మీద వచ్చింది, ఆ పట్టాదారు పట్నంల ఉంటడు. ఊరి పెద్దమనుషులు మాట్లాడి కొంత ఇప్పిచ్చిండ్రు, పూర్తిగ కాదు. ఆయన ఆ ఏడే భూమి వదిలి గనిల కాంట్రాక్టు కూలికి పోయిండు. కాబట్టి పంచనామా రాసే రోజు భూమి ఎవరిదో రాసిన కింద, పంట ఎవరు పెట్టిండ్రో ఆ పేరు కూడా రాపిచ్చుండ్రి, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టిచ్చుండ్రి, పోడు భూములోళ్లకు, పాస్‌బుక్కు రానోళ్లకు కూడా ఇదే. ఆ రోజు రాయనిది తర్వాత ఏ ఆఫీసుల అడిగినా "రికార్డుల లేదు" అంటరు.